ఏమీ మార్చక్కర్లేదు

రాసిన తప్పును చడీచప్పుడు లేకుండా దిద్దేసుకుని, ఆనక ఏమీ ఎరగనట్టు కూర్చునేవాళ్ళంటే షానవాజ్‌కి ఒళ్ళు మంట. ఈ సంగతి మనసులో దాచుకోలేదు కూడా. తన వెబ్‌సైట్లో దాని మీద ఒక పెద్ద వ్యాసమే రాసి పెట్టాడు. అచ్చు తప్పు దిద్దినా సరే, పేజీ అడుగున ‘సవరణలు’ అని పెట్టి, ఏది తప్పో, ఎవరు చెప్పారో, ఎప్పుడు దిద్దామో రాయాలని అందులో ఘాటుగా చెప్పాడు. మన కథంతా ఆ మనిషి గురించే.

ఆ వెబ్‌సైటు పేరు ‘లైనక్స్ అరుగు’. లైనక్స్ అంటే ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని కంప్యూటరు వ్యవస్థ. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, చేతనైతే బాగుచేసి పదిమందికీ పంచవచ్చు. దాన్ని వాడే తెలుగువాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళంతా ఒకచోట చేరి కబుర్లాడుకోవడానికి ఒక అరుగు ఉంటే బాగుంటుందని షానవాజ్ ఈ సైటు పెట్టాడు. ఏ కొత్త వెర్షన్ వచ్చింది, దాంట్లో ఏం మారింది, ప్రింటరు మొరాయిస్తే ఏం చేయాలి, తెలుగు అక్షరాలు విరిగిపోతే ఎలా సరిచేయాలి, అన్నీ ఇంట్లో మనిషికి చెప్పినట్టు తెలుగులో రాసేవాడు. దానికి తోడుగా ఫోన్లో ఒక గ్రూపు. అందులో పొదిలి నుంచి శ్రీకాకుళం దాకా జనం ఉన్నారు.

బతుకుతెరువు మాత్రం గుంటూరు శివార్లలోని ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటరు ఉద్యోగం. లారీ నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే లెక్క ఎక్కించుకోవడం, మధ్యలో దొరికిన తీరికలో తుమ్ముకుంటూ పాఠాలు రాసుకోవడం. అతని కీబోర్డు సందుల నిండా కారం దుమ్మే. ఆ చేత్తో పొరపాటున కన్ను నలుపుకుని ఏడ్చిన రోజులూ ఉన్నాయి. అయినా ఎవరైనా ‘మీరే కదండీ అరుగు షానవాజ్’ అని పలకరిస్తే చాలు, ఆ మంటలన్నీ మరిచిపోయేవాడు. మనిషన్నాక ఆమాత్రం ఉంటుంది.

అసలు సంగతి ఒక్క కమాండు దగ్గర మొదలైంది. లైనక్స్ కొత్త వెర్షన్ ఎక్కించుకోవాలంటే ముందు దాన్నొక పెన్‌డ్రైవ్ మీదికి రాసుకోవాలి. దానికి ఒక్క వరసలో కంప్యూటరుకిచ్చే ఆదేశం, అదే కమాండు, ఉంది. కంప్యూటరు తనకు తగిలించిన డిస్కులకు వరసగా ఏ, బీ, సీ అని పేర్లు పెట్టుకుంటుంది. ఏ డిస్కు మీద రాయాలో ఆ పేరు కమాండు చివర మనమే చెప్పాలి. చెప్పిన డిస్కు మీద అంతకుముందు ఏమున్నా, అడగదు, ఆగదు, తుడిచి రాసేస్తుంది. అందుకే లోకంలో ఎవరు పాఠం రాసినా ఆ పేరు ఉండాల్సిన చోట ఎక్స్ అని పెట్టి, ‘ఇక్కడ మీ పెన్‌డ్రైవ్ పేరేదో చూసుకుని రాసుకోండి’ అని చెబుతారు.

షానవాజ్‌కి ఆ ఎక్స్ నచ్చలేదు. ‘మన జనానికి ఈ ఎక్స్‌లూ వైలూ ఎక్కడ అర్థమవుతాయి, ఉన్నదాన్ని కాపీ కొడితే పని జరిగిపోవాలి గానీ’ అనుకున్నాడు. తన కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ పెడితే దానికి బీ అని పేరొస్తుంది. అందరిళ్ళలోనూ అంతే కాబోలని ఎక్స్ తీసేసి బీ పెట్టాడు. పైగా ఆ కమాండు చివరే, కంప్యూటరు పట్టించుకోని విధంగా, తెలుగులో ఒక మాట కూడా చేర్చాడు. ‘ఇందులో ఏమీ మార్చక్కర్లేదు, ఉన్నదున్నట్టు పేస్ట్ చేయండి’ అని. అది రాసినప్పుడు తన జనం మీద తనకెంత ప్రేమో అని తన మీద తనకే ముచ్చటేసింది. అది ప్రేమ కాదనీ, వాళ్ళకేం తెలుసులే అన్న చిన్నచూపనీ అప్పుడు తట్టలేదు.

కొన్నాళ్ళకు పొదిలి నుంచి యలమంద అనే కుర్రాడు, పురుగుమందుల కొట్లో పనిచేస్తూ లైనక్స్ నేర్చుకుంటున్నవాడు, ఆ పేజీ కింద ఒక కామెంటు పెట్టాడు. “అన్నా, బీ అని పెట్టేశావేంటి? రెండు హార్డ్‌డిస్కులు ఉన్నోళ్ళకి బీ అంటే రెండో డిస్కు అవుద్ది కదా. మొత్తం కొట్టుకుపోద్దన్నా!”

షానవాజ్ అది రెండుసార్లు చదివాడు. నిజమే. ఇంత చిన్న సంగతి తనకెలా తట్టలేదు? వెంటనే పేజీ తెరిచి బీ తీసేసి ఎక్స్ పెట్టాడు. పైన ‘ముందుగా మీ పెన్‌డ్రైవ్ పేరేదో జాగ్రత్తగా చూసుకోండి’ అంటూ ఒక పేరా రాశాడు. ఆ తెలుగు మాట తుడిచేశాడు. ఇంక అడుగున ‘సవరణలు’ అని రాయడమే మిగిలింది.

అక్కడ వేళ్ళు ఆగిపోయాయి. ఇంకో రెండు వారాల్లో గుంటూరులో లైనక్స్ వాడేవాళ్ళ కలయిక ఉంది. దాన్ని నడిపే లక్ష్మీకాంత్ గారు, రిటైరైన లెక్చరరు, ఈ ఏడాది సన్మానం షానవాజ్‌కేనని అప్పటికే గ్రూపులో చాటేశారు. ఇప్పుడు ‘నేను రాసిన కమాండు మీ డిస్కు తుడిచేయగలదు’ అని ఎలా రాయడం? ముందు ఆ రోజు గడవనీ, తర్వాత తీరిగ్గా రాద్దాం అనుకున్నాడు. యలమంద కామెంటు అలాగే ఉంటే దిద్దిన పేజీ కింద వింతగా ఉంటుంది కదా, అందుకని దాన్నీ తీసేశాడు. తీసేశాక కాసేపు కాలుగాలిన పిల్లిలా కోల్డ్ స్టోరేజీ వరండాలో తిరిగాడు. తర్వాత లారీ వచ్చింది, పనిలో పడి మరిచిపోయాడు. మరిచిపోయానని అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గ్రూపులో ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. నజ్మీన్ టిఫిన్ పెడుతుంటే షానవాజ్ ఫోన్ స్పీకర్లో పెట్టి విన్నాడు. నజ్మీన్ అతని భార్య.

“సార్, నా పేరు సాయిలక్ష్మి. మాది మంగళగిరి. మేం నేతగాళ్ళం సార్. మా చీర అంచుల డిజైన్లన్నీ కంప్యూటర్లో పెట్టుకున్నాను, రెండో డిస్కులో. మొన్న మీ పాఠం చూసి పెన్‌డ్రైవ్ చేయబోయాను. డిస్కు మొత్తం పోయింది సార్. మళ్ళీ మీ పేజీ తీసి చూశాను. మీరు చాలా స్పష్టంగా రాశారు, పేరు చూసుకోమని. నేనే కళ్ళు మూసుకుని కొట్టినట్టున్నాను. తప్పు నాదే సార్. ఏమన్నా దారుంటే చెప్పండి. మా ఇంట్లో చాలా గొడవగా ఉంది.”

షానవాజ్ నోట్లో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. ఈలోగా గ్రూపులో పెద్దలు మేలుకున్నారు. ‘చదవకుండా కమాండ్లు కొడితే ఇంతే సిస్టర్’ అని ఒకాయన. ‘బ్యాకప్ తీసుకోని వాళ్ళకి కంప్యూటరెందుకు’ అని ఇంకొకాయన. పళ్ళికిలించే బొమ్మలు రెండు మూడు. అందరూ చూస్తున్నారు, అరుగు షానవాజ్ ఏమంటాడా అని. షానవాజ్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. నిజం రాద్దామని మొదలుపెట్టి, రెండు ముక్కలు రాసి, కొట్టేశాడు. చివరికి ఇలా పంపాడు. ‘పర్వాలేదమ్మా. మొదట్లో అందరికీ జరిగే పొరపాటే.’

దానికి పదిమంది దండాలు పెట్టారు. ఎంత ఓపికో మా అన్నకి అన్నాడొకడు.

“పాపం ఆ పిల్ల,” అంది నజ్మీన్, ఇడ్లీ గిన్నె పట్టుకుని నిలబడి. “నీ పేజీ చూసేగా చేసింది. ఆదివారం పోయి చూసిరారాదూ? ఎంత దూరమని మంగళగిరి?”

ఆ మాట నజ్మీన్ అనకపోతే వెళ్ళేవాడు కాదేమో. పోయినవాటిని వెలికితీసే ప్రోగ్రాములు తనకు తెలుసు. బొమ్మలు తిరిగొస్తే అందరూ మరిచిపోతారు, చెప్పాల్సిన అవసరమే రాదు అని కూడా లోపల ఒక లెక్క నడిచింది. సిగ్గుమాలిన లెక్కే. దాన్ని పట్టుకునే ఆదివారం ఉదయం బస్సెక్కాడు.

సాయిలక్ష్మి వాళ్ళ ఇంటి ముందుగదిలో గుంట మగ్గం. దాని మీద ఆమె భర్త శివనాగరాజు నేస్తున్నాడు. షానవాజ్‌ని చూసి మగ్గం ఆపి, లేచొచ్చి చేయి కలిపాడు. పక్కన నులకమంచం మీద అతని తండ్రి పానకాలు. ముసలాయన ఒకప్పుడు అంచులకు బొమ్మలు గీయడంలో పేరున్న మనిషి. ఇప్పుడు చూపు తగ్గి మగ్గం దిగాడు. మూలన బల్ల మీద పాత కంప్యూటరు, దాని పక్కన నిలబడి సాయిలక్ష్మి. వయసు ఇరవయ్యైదుకు మించదు. ముఖం వాడిపోయి ఉంది.

“రండి బాబూ, రండి. అంత దూరం నుంచి మీరు రావడం మా అదృష్టం,” అన్నాడు పానకాలు. “చూడండి మా ఇంటి సంగతి. నేను గీసిన గ్రాఫు కాగితాలు చెదలు పడతన్నయ్యని, చదువుకున్న కోడలు, అన్నీ పెట్టెలో ఎక్కించి దాస్తానంది. సరే దాచమ్మా అన్నాను. చింకి కాగితాలు పారేశాం. ఇప్పుడా పెట్టెలోనే తగలబెట్టుకుంది. మీరు శుభ్రంగా రాశారంటగా? తనే చెప్పింది. చూసుకోకుండా నొక్కిందంట.”

సాయిలక్ష్మి తల దించుకుంది. షానవాజ్ మంచినీళ్ళు అడిగి తాగాడు.

ఆమె కష్టం ఏమిటో ఆ తర్వాత శివనాగరాజు చెప్పాడు. సాయిలక్ష్మి ఆ పాత అంచుల్ని కంప్యూటర్లో అటూ ఇటూ మార్చి కొత్తవి గీయడం నేర్చుకుంది. ఆమె గీసిన అంచుల చీరలు బాగానే పోతున్నాయి. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చునే హక్కు అలా సంపాదించుకుంది. ఇప్పుడు పానకాలు ఒకటే పట్టు పట్టాడు. ఆ పెట్టె అమ్మేయాలి, కోడలు ముందులాగే రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టాలి.

“నాన్న మాట తీసెయ్యలేం కదన్నా,” అన్నాడు శివనాగరాజు, మగ్గం వైపు చూస్తూ.

షానవాజ్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. “ఆ రోజు ఏం కొట్టారో చూద్దామమ్మా,” అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఇలాంటప్పుడు ముందు అదే అడగాలి కాబట్టి అలవాటుకొద్దీ వచ్చేసింది.

“చూపించాలంటే సిగ్గుగా ఉంది సార్,” అంది సాయిలక్ష్మి. అయినా కీబోర్డు మీద హిస్టరీ అని కొట్టింది. లైనక్స్‌లో మనం కొట్టిన కమాండ్లన్నీ వరసగా గుర్తుంటాయి, అడిగితే చూపిస్తుంది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు వచ్చాయి. అన్నీ ఇంగ్లీషు. చివర్లో ఒక్క వరసకు మాత్రం తెలుగు తోక ఉంది.

ఇందులో ఏమీ మార్చక్కర్లేదు, ఉన్నదున్నట్టు పేస్ట్ చేయండి.

తన మాట. తన వేళ్ళతో కారం దుమ్ములో కూర్చుని రాసిన మాట, ఇంకొకళ్ళ ఇంట్లో, ఇంకొకళ్ళ కంప్యూటర్లో, చెక్కుచెదరకుండా. షానవాజ్‌కి తల కొట్టేసినట్టయింది.

“చూశారా సార్,” అంది సాయిలక్ష్మి వెనక నుంచి. “ఇది నేనెక్కణ్ణుంచి కాపీ చేశానో నాకే అర్థం కావట్లా. మీ పేజీలో ఐతే లేదు, అంతా వెతికాను. ఇంకేదో సైటు తెరిచి ఉంటాను. ఎవడో తెలుగులో రాశాడు సార్, ఏమీ మార్చొద్దని. మీలాంటోళ్ళు అట్లా రాయరు.”

చెప్పాల్సింది అప్పుడే. గదిలో ఉన్నది నలుగురు. నోరు తెరిస్తే సరిపోయేది. షానవాజ్ “ఊఁ” అన్నాడు. అని, తన పెన్‌డ్రైవ్ తగిలించి, వెలికితీసే ప్రోగ్రాం నడిపించి, తెర మీది ఆ వరస పైకి వెళ్ళిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. అది వెళ్ళిపోయాక కాస్త ఊపిరాడింది. అలా ఊపిరాడినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఆ ప్రోగ్రాం డిస్కంతా మూల మూలా గాలించాలి. దానికి పూట పడుతుంది. ఈలోగా అన్నం పెట్టారు. గోంగూర, ముద్దపప్పు, ఊరమిరపకాయలు. సాయిలక్ష్మి పక్కనే నిలబడి వడ్డించింది. ‘ఇంకొంచెం వేసుకోండి సార్’ అన్నప్పుడల్లా షానవాజ్‌కి ముద్ద దిగేది కాదు. తిన్నాడు. తినకపోతే ఎందుకని అడుగుతారని తిన్నాడు.

మధ్యాహ్నం దాటాక బొమ్మలు రావడం మొదలైంది. పేర్లు పోయాయి, వట్టి అంకెలే ఉన్నాయి. ఏది ఏ అంచో కనిపెట్టాలంటే పానకాలే దిక్కు. కంప్యూటరు మొహం చూడనన్న ముసలాయన ముక్కాలిపీట తెచ్చుకుని తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. “ఇది చిలకంచు. ఇది రుద్రాక్ష. ఇది మా శివనాగరాజు పెళ్ళికి గీసింది,” అంటూ ఒక్కొక్కటే చెబుతుంటే సాయిలక్ష్మి పేరు రాసుకుంటూ పోయింది. ఆమె ముఖంలోకి రంగు వచ్చింది. షానవాజ్‌కీ ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకున్నాడు.

“మరి నా గోపురం అంచు రాలేదే?” అన్నాడు పానకాలు.

ఇంకా చూశారు. అంతా అయిపోయింది. గోపురం అంచు లేదు. దాంతో పాటు ముసలాయన వయసులో ఉండగా గీసిన అంచులు ఒక్కటీ లేవు. సాయిలక్ష్మి డిస్కులో ముందుగా ఎక్కించింది వాటినే, మామగారికి అవంటే ప్రాణమని. కొత్త వెర్షన్ వచ్చి పడింది సరిగ్గా డిస్కు మొదట్లో. దాని కిందపడిన వాటిని ఏ ప్రోగ్రామూ తీయలేదు.

షానవాజ్ ఆ సంగతి చెప్పాడు. పానకాలు చాలాసేపు చేత్తో మోకాలు రాసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి, బీరువాలోంచి కండువా ఒకటి తెచ్చాడు. వాళ్ళ మగ్గం మీద నేసిందే, జరీ అంచుది. షానవాజ్ వద్దంటున్నా వినకుండా భుజం మీద కప్పాడు.

“పోయినయ్యి పోయాయి. ఉన్నకాడికి తీసిచ్చారు. మీ రుణం ఉంచుకోకూడదు,” అని, కోడలి వైపు తిరిగాడు. “అమ్మాయ్, ఆయన పుణ్యాన సగమన్నా దక్కాయి. ఇంక చాలు. రేపణ్ణుంచి రాట్నం దగ్గర కూర్చో. ఆ పెట్టె ఇంట్లో ఉండటానికి లేదు. మంచోళ్ళు శుభ్రంగా రాసిందే చదవలేనిదానివి.”

సాయిలక్ష్మి “సరే మామయ్యా” అంది. ఏడవలేదు. అంతే, సరే అంది.

ఆ ‘సరే’ విన్నాక షానవాజ్ ఇంక నిలబడలేకపోయాడు. ధైర్యం వచ్చి కాదు. ఆ కండువా భుజం మీద నిప్పులా ఉండి, దాన్ని భరించలేక నోరు తెరిచాడు.

“బాబాయ్‌గారూ, ఆ అమ్మాయి సరిగ్గానే చదివింది. తప్పు రాసింది నేను. ‘ఏమీ మార్చక్కర్లేదు’ అని రాసింది నేనే. తర్వాత తెలిసి, ఎవరికీ చెప్పకుండా దిద్దేశాను. అందుకే ఇప్పుడు పేజీలో కనపడట్లేదు.”

శివనాగరాజు మగ్గంలో పోగు నడిపే నాడె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పానకాలుకి సగమే అర్థమైనట్టుంది, కోడలి ముఖంలోకి చూశాడు. సాయిలక్ష్మి మాత్రం షానవాజ్‌నే చూస్తోంది. కోపం ఇంకా రాలేదు. లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా చూస్తోంది.

“కమాండు తప్పు రాశారు. అది సరే సార్, ఎవరికైనా జరుగుద్ది,” అంది చివరికి. “దిద్దుకుని చెప్పలా. భయమేసి ఉంటది, అదీ సరే. కానీ అందరూ నన్ను అంటుంటే, మీరు ‘పర్వాలేదమ్మా’ అన్నారు. తప్పు మీదని తెలిసి కూడా నన్ను క్షమించారు. అదెట్లా అనగలిగారు సార్?”

షానవాజ్‌కి తను చేసిన వాటన్నిటిలోకీ నీచమైనది ఆ చిన్న మాటేనని అప్పటిదాకా తెలియదు. దాన్ని పంపినప్పుడు తను మంచివాడినని కూడా అనిపించింది తనకు. ఇప్పుడు ఆ పిల్ల ముందు ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూశాడు.

“నేను ఆ మాట పట్టుకుని మామయ్యకి చెప్పాను సార్. ‘సార్ ఏమీ అనలా, పర్వాలేదన్నారు, ఎంత మంచోళ్ళో’ అని,” అంది సాయిలక్ష్మి. “ఫోన్ తీయండి. గ్రూపులో రాయండి. నేను చెప్తాను, మీరు రాయండి.”

షానవాజ్ ఫోన్ తీశాడు. ఆమె చెప్పింది, అతను రాశాడు. మొదటి వాక్యం, ‘మంగళగిరి సాయిలక్ష్మి కమాండు తప్పు కొట్టలేదు.’ రెండోది, తప్పు రాసింది ఎవరో. మూడోది, పొదిలి యలమంద ముందే చెబితే ఆ కామెంటు ఎవరు తీసేశారో. అది ఆమెకు తెలియదు, షానవాజే చెప్పి రాశాడు, ఎలాగూ మునిగాక ఇంక దాచడమెందుకని. నాలుగోది ‘పర్వాలేదమ్మా’ గురించి. అది రాసేటప్పుడు కళ్ళు మసకబారి అక్షరాలు కనిపించలేదు.

“పంపేముందు చదవండి సార్. గట్టిగా. మామయ్యకి వినపడాలి.”

చదివాడు. పాఠం అప్పజెప్పలేక నిలబడిన పిల్లవాడిలా, ఒక్కో మాటా విడదీసి చదివాడు. పానకాలు చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని విన్నాడు. అయ్యాక కోడలితో, “నీది కాదా మరి?” అన్నాడు.

“కాదు మామయ్యా.”

“మరి ఆ రోజు నాదే అని ఎందుకన్నావే?”

“ఆయన రాసిందాంట్లో తప్పుంటదని నాకు తట్టలేదు.”

ముసలాయన కంప్యూటరు వైపు ఒకసారి, రాట్నం వైపు ఒకసారి చూశాడు. “పెట్టె సంగతి ఇంక నేనెత్తను. మిగిలినవాటికి పేర్లు రాయడం కానివ్వు. గోపురం అంచు మనసులో ఉంది, చెప్తాను, గీద్దువుగాని. వస్తే వచ్చింది,” అన్నాడు. సాయిలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. షానవాజ్ వైపు మళ్ళీ చూడలేదు.

షానవాజ్ చదివింది గ్రూపులో పంపేశాడు. అక్కడ ఎవరూ చప్పుడు చేయలేదు. లక్ష్మీకాంత్ గారి దగ్గర్నుంచి మాత్రం ఒక్క ముక్క వచ్చింది, ‘వీలు చూసుకుని ఫోన్ చెయ్యి’ అని. ఆ తర్వాత యలమంద. ‘నా కామెంటు తిరిగి పెట్టన్నా.’ షానవాజ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తీసేసింది తిరిగి తెచ్చే దారి అతను సైటులో పెట్టుకోలేదు.

లేచి, భుజం మీది కండువా తీసి, మడిచి, మంచం మీద పెట్టబోయాడు. పానకాలు చెయ్యి అడ్డం పెట్టాడు.

“మా ఇంట్లో కప్పింది తీయకూడదు. వేసుకునే పో.” కసిరినట్టు లేదు, దయ చూపినట్టూ లేదు. “ఊరు చేరిందాకా భుజం మీదే ఉంచుకో.”

అలాగే బస్సెక్కాడు. కొత్త కండువా, మెరిసే జరీ. కిటికీ పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్ళో కూరల సంచీ పెట్టుకుని, దాన్ని ముచ్చటగా చూసింది.

“ఎక్కడన్నా సన్మానమా బాబూ?”

అవునన్నా కాదన్నా అబద్ధమే అయ్యేట్టుంది. కాజా టోల్‌గేటు దాటేదాకా షానవాజ్ ఊరుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. కమాండులూ డిస్కులూ లేకుండా, ఆవిడకు అర్థమయ్యేట్టు చెప్పాడు. నేనొకటి తప్పు చెప్పానండీ, నమ్మి చేసినావిడ ఇంటివాళ్ళ బొమ్మలు పోయాయండీ, తప్పు నాదని తెలిసి కూడా ఆవిణ్ణే క్షమించానండీ, అని. పెదకాకాని వచ్చేసరికి అయిపోయింది. మధ్యలో ఆవిడ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“మరి ఆ బొమ్మలు దొరికాయా?” అంది.

“చాలావరకు దొరికాయండీ. ఆ పెద్దాయన వయసులో గీసినవి దొరకలేదు.”

ఆవిడ అయ్యో అనలేదు, పర్వాలేదూ అనలేదు. కూరల సంచీ సర్దుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గుంటూరు వచ్చేదాకా షానవాజ్ ఆ కండువా అంచును వేళ్ళతో పట్టుకునే ఉన్నాడు.